వదులుగా కుట్టిన గుండీలు

చున్నీ రెండు కొసలూ పట్టుకుని నా మెడకు బిగించినప్పుడు నా భర్త ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అంతకు ముందు కొట్టినప్పుడల్లా తిట్టేవాడు. తిట్లు వినిపిస్తున్నంతసేపూ నాకు లోపల ధైర్యంగానే ఉండేది, తిట్టి తిట్టి అలిసిపోతే చెయ్యి కూడా ఆగుతుందని తెలుసు కాబట్టి. ఆ మధ్యాహ్నం మాత్రం పళ్ళు బిగించి, గోనెసంచి మూతి కట్టేవాడిలా నిదానంగా లాగాడు.

అతనిది పులివెందులలో అరటి మండీలో పని. తెల్లారకముందే తోటలకు పోయి గెలలు కొట్టించి, లారీలకు ఎక్కించేవాడు. మనిషి తక్కువైతే తానే మోసేవాడు. అందుకే ఆ చేతులు అంత గట్టివి. ఆ రోజు నేను ప్రొద్దుటూరులో ఉన్న మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ నవ్వుతున్నాను. ఎవరితో అని అడగలేదు. ఫోను లాక్కుని గోడకేసి కొట్టాడు. ముక్కలు ఏరుకుందామని వంగాను. వంగినప్పుడే చున్నీ అతని చేతికి దొరికింది.

ఊపిరి ఆడకపోతే ఎలా ఉంటుందని తర్వాత చాలామంది అడిగారు. డాక్టరు అడిగాడు, పోలీసులు అడిగారు, లాయరు అడిగాడు. ముందు చెవుల్లో హోరు మొదలవుతుంది. కళ్ళు బయటికి తోసుకొస్తాయి. నాలుక నోట్లో పట్టదు. నా మడమలు గచ్చును తన్నుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, కానీ అవి నా కాళ్ళని అనిపించలేదు. పక్కింట్లో ఎవరో మంచం ఈడుస్తున్నారనుకున్నాను.

నన్ను బతికించింది అతని మేనత్త. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, అదే ఇంటి వెనక గదిలో ముసలిదైపోయిన మనిషి. అందరూ అవ్వా అనే పిలిచేవాళ్ళు. ఆమె అప్పుడే అన్నం వారుస్తోంది. చప్పుడు విని గంజి గిన్నెతోనే లోపలికి వచ్చింది. అరవలేదు, ఎవరినీ పిలవలేదు. ఉడుకుడుకు గంజి అతని వీపు మీద కుమ్మరించింది. అతను ఎద్దులా రంకె వేసి నన్ను వదిలేశాడు. ఖాళీ గిన్నెతో అవ్వ అతని మోచేతి మీద ఇంకో దెబ్బ వేయడం నాకు మసకగా కనిపించింది.

అతను నీళ్ళ తొట్టి దగ్గరికి పరిగెత్తగానే అవ్వ నన్ను లేపి నిలబెట్టింది. ఆ పూట ఆమె గొంతులో వణుకు లేదు.

"ల్యా మ్మే. ల్యా. వాడు మళ్ళీ వస్తాడు. నువ్వు ఈడ ఉండొద్దు."

నాకు మాట రాలేదు. చెప్పులు కూడా లేవు. సందు చివర ఆగి ఉన్న ఆటోలో నన్ను కూర్చోబెట్టి, "బస్టాండుకు తీసకపోయి ప్రొద్దుటూరు బస్సు ఎక్కియ్ నాయనా, ఈ బిడ్డ గొంతు పోయింది, ఏం అడగొద్దు" అని ఆటో అతనికి చెప్పింది. నాతో మాత్రం, "ఎనక్కి తిరిగి సూడొద్దు" అంది.

బస్సు ఎర్రగుంట్ల దాటేవరకు నా మెడ మీద చెయ్యి తీయలేదు. తీస్తే తల కింద పడిపోతుందేమోనని పిచ్చి భయం.

మా అమ్మ క్రైస్తవ మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరయింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. తలుపు తీసి నన్ను చూసిన అమ్మ కాసేపు గుర్తుపట్టలేదు. రెండు కళ్ళలోనూ తెల్లగుడ్డు ఎర్రగా రక్తం కమ్మి ఉంది. మెడలోని సన్నటి గొలుసు చున్నీ కింద నలిగి చర్మంలోకి కోసుకుపోయింది. ఆసుపత్రిలో డాక్టరు దాన్ని పట్టకారుతో ఒక్కో లంకె ఊడదీశాడు. కమిలిన నలుపు కొన్నాళ్ళకు పసుపై మాయమైంది. గొలుసు కోసిన గీత మాత్రం, పురికొస చుట్టి తీసినట్టు, మెడ ముందు భాగమంతా ఉండిపోయింది. గొంతు కూడా మునుపటిది కాదు. ఇప్పటికీ ఫోన్లో కొత్తవాళ్ళు నన్ను "చెప్పండి సార్" అంటారు.

గీత కంటే దాన్ని చూసే కళ్ళతోనే ఎక్కువ బాధ. కూరగాయల బండి దగ్గర, ప్రార్థనలో, మెట్ల మీద, ఎవరు మాట్లాడినా చూపు గడ్డం కిందికి జారేది. చున్నీ కప్పుకోమనేది అమ్మ. కప్పుకోబోతే గుడ్డ మెడకు తగలగానే చేతులు చల్లబడి వాంతి అయ్యేది. ఆదివారం గుడిలో ఆడవాళ్ళందరం తల మీద ముసుగు వేసుకుంటాం. చీర కొంగు చెవి దాటి మెడ వైపు జారిన ప్రతిసారీ నేను లేచి బయటికి వచ్చేసేదాన్ని. కొన్ని వారాలకు పోవడమే మానేశాను.

మా ఇంటి ఎదురు వరసలో ఒక ముస్లిం ఇల్లు. ఆ ఇంటాయన కువైట్‌లో పని చేస్తాడు. ఆమె ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు పెట్టుకుని జాకెట్లు, బురఖాలు కుడుతుంది. వీధిలో అందరికీ ఆమె ఆపా, అంటే అక్క. ఒకరోజు మా గడపలోకి వచ్చి, ఏ పలకరింపూ లేకుండా నా గడ్డం పట్టి పైకెత్తి, గీతను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది.

"అందురూ దొంగసూపులు సూస్తాండారు గదా. నేను నేరుగా సూసినా. అయిపాయె. రేపు నుంచి మా ఇంటికి రా, కుట్టు నేర్చుకుందువు."

"నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు ఆపా" అన్నాను బొంగురు గొంతుతో.

"రాకపోతేనే గదా నేర్చుకునేది."

మొదట పాత న్యూస్‌పేపర్ల మీద దారం లేకుండా మిషను తొక్కించింది. గీతలు తిన్నగా వచ్చాక పాత దుప్పటి ముక్క మీద. మిషను చప్పుడులో నాకు ఏదో సుఖం ఉండేది. సూది టకటకా దిగుతుంటే, అది గుడ్డలోకి కాక అతని చేతుల్లోకి, అరచేతుల్లోకి దిగుతున్నట్టు ఊహించుకునేదాన్ని. అలా ఊహించుకున్న పూట చాలాసేపు తొక్కేదాన్ని. ఆపా ఒకసారి నా మొహం చూసి, "దాన్ని చంపుతాండావా, కుడతాండావా?" అంది. నేను ఇంకా గట్టిగా తొక్కాను. ఆమె మళ్ళీ అడగలేదు.

నా మొదటి వస్తువు ఏది కుట్టాలన్న మాట వచ్చినప్పుడు ఆపా స్కార్ఫ్ అంది. చేతకానివాళ్ళు కూడా కుట్టగలిగేది అదేనట. పొడుగ్గా ఒక ముక్క, నాలుగు అంచులు, అంతే. అలా అంటూనే చేతిలో ఉన్న గుడ్డను చూపించడానికి నా మెడ చుట్టూ తిప్పబోయింది. నేను ఆమె చేతిని కొరికాను. కావాలని కాదు. పళ్ళు దిగాక గాని నాకు తెలియలేదు.

ఆపా మణికట్టు తుడుచుకుని నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏది పనికిరాదో చెప్పు. చుట్టేది పనికిరాదా?"

"పనికిరాదు."

"ముడి?"

"ముడి అసలొద్దు."

"మరి ఎట్ల ఉంటే పెట్టుకుంటావు?"

అప్పటిదాకా నేను ఆలోచించలేదు. నోటికి వచ్చింది చెప్పాను. "ఎవరన్నా పట్టుకుని లాగితే ఊడి వాళ్ళ చేతికి రావాల. నా మెడ నాకు ఉండాల."

ఆపా చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తర్వాత నవ్వింది. "ఇన్నాళ్ళ నుంచి కుడతాండా. గుండీలు ఊడిపోయేటట్టు కుట్టమని అడిగినదానివి నువ్వొక్కదానివే మ్మే."

ఎవరి లాంగ్ ఫ్రాక్‌కో కోయగా మిగిలిన మెత్తటి నూలు గుడ్డ ఇచ్చింది, ఇటుక రంగుది. మెడ చుట్టుకొలత తీసుకునేటప్పుడు టేపు నా చేతికే ఇచ్చి తాను అటు తిరిగి కూర్చుంది. ఆ కొలతకు రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా బెత్తెడు కలిపాం, కుట్లకు అంగుళం కలిపాం. వెడల్పు గడ్డం కింది నుంచి గొంతు గుంట దాకా. అలాంటివి రెండు ముక్కలు కోసి, మంచి వైపులు లోపలికి ఎదురెదురుగా పెట్టి, అంచులకు గుండుసూదులు గుచ్చి, చుట్టూ కుట్టమంది. ఒక పక్క నాలుగు వేళ్ళు పట్టేంత సందు వదలమని చెప్పిందేమో నాకు గుర్తులేదు. నాలుగు వైపులా గట్టిగా మూసి కుట్టేసి గొప్పగా చూపించాను.

"శానా బాగుండాది. ఇప్పుడు దీన్ని ఎట్ల తిరగేస్తావు?"

విప్పాను. రెండోసారి సందు వదిలాను కానీ మూలలు కత్తిరించడం మరిచిపోయాను. తిరగేస్తే మూలలు చెవుల్లా బొద్దుగా నిలబడ్డాయి. మళ్ళీ తిరగేసి, కుట్టు తెగకుండా మూల కొంచెం కత్తిరించి, పెన్సిలు మొనతో లోపలి నుంచి పొడిచి, ఇస్త్రీ పెట్టాక తిన్నగా వచ్చాయి. సందును చేత్తో మూసి, చుట్టూ అంచు మీద ఇంకో కుట్టు వేశాను. అది వంకరగా పోయింది. ఆపా విప్పమనలేదు.

కాజాల దగ్గర నా ఓపిక అయిపోయింది. గుండీ పట్టేదానికంటే నువ్వుగింజంత ఎక్కువ చీల్చి, అంచులు దారంతో దగ్గర దగ్గరగా చుట్టాలి. మొదటి కాజా ఎక్కువ చిరిగింది. కోపంతో కత్తెర గుడ్డలోకి దించి అడ్డంగా చీల్చి పారేశాను. కత్తెర నేలకు తగిలి మొన వంగింది. ఆపా ఆ గుడ్డ ముక్కలు తీసి పక్కన పెట్టి, అదే ఇటుక రంగు గుడ్డ ఇంకొంచెం ఇచ్చింది. మళ్ళీ మొదటి నుంచి కోశాను. ఈసారి మూడు కాజాలూ కుదిరాయి. గుండీలు మాత్రం ఒంటి పోగు దారంతో, కింద ముడి లేకుండా, రెండు కుట్లతో వదిలేశాం. మెడకు ఒక పక్కగా మూడు గుండీలు. పెట్టుకుని, ఆపా ఇంటి గోడ అద్దం ముందు నిలబడి, నేనే పట్టుకుని గట్టిగా లాగాను. చిటుక్కున ఊడి చేతికి వచ్చింది. ఆ పూట నాకు వాంతి కాలేదు. గుండీలు మళ్ళీ అలాగే కుట్టుకుని ఇంటికి వచ్చాను.

ఈలోగా అతని తరఫు వాళ్ళు చర్చి సంఘపెద్దలతో మాట్లాడారు. అల్లుడు మారాడని, ఏడుస్తున్నాడని, వీపు కాలిన మచ్చలతో అతనూ శిక్ష అనుభవించాడని కబుర్లు వచ్చాయి. జమ్మలమడుగులో మా మేనమామ ఇంట్లో పెద్దమనుషులు కూర్చుంటారని, నేను రావాలని చెప్పారు. అమ్మ పోదామంది. ఆమె జీవితమంతా పెద్దల మాట విన్న మనిషి. నేను ఇటుక రంగు స్కార్ఫ్ పెట్టుకుని బస్సు ఎక్కాను.

మామ ఇంటి ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఇద్దరు సంఘపెద్దలు, పాస్టరు, మామ, అతని అన్న. నా భర్త అరటి గెల తెచ్చి గడప పక్కన పెట్టాడు. అందరికీ వంగి నమస్కారాలు పెట్టాడు. ప్రార్థన చేశారు. సంసారం అన్నాక సర్దుకుపోవాలని ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడాడు. చివరికి నన్ను అడిగాడు, "ఏమంటావు మ్మా?"

"పోను" అన్నాను.

"అట్ల ఒక్క మాటలో చెప్తే ఎట్ల? కారణం చెప్పాల గదా."

నేను లేచి ఆయన కుర్చీ ముందుకు పోయి నిలబడి, గుండీలు ఒక్కొక్కటే తీసి మెడ చూపించాను. పాస్టరు తల దించుకున్నాడు. నేను మళ్ళీ గుండీలు పెట్టుకుంటుంటే వెనక నుంచి అతని గొంతు వినిపించింది. ఇప్పుడు తిడుతున్నాడు.

"నలుగుర్లో నా మానం తీస్తావంటే నువ్వు..."

వెనక నుంచి స్కార్ఫ్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. మూడు గుండీలూ ఎగిరి గచ్చు మీద పడ్డాయి. గుడ్డ అతని చేతికి వచ్చేసింది. అంత బలంగా లాగినవాడు ఎదురు బరువు లేక వెనక్కి పడిపోయాడు. కుర్చీ విరిగింది. తల గడపకు తగిలింది. నేను మాత్రం నిలబడిన చోటే నిలబడి ఉన్నాను. ఊపిరి ఆడుతోంది.

టీపాయ్ మీద నీళ్ళ స్టీలు జగ్గు ఉంది. దాన్ని తీసుకుని అతని మొహం మీద కొట్టాను. ముక్కు విరిగిన చప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు వచ్చింది. మళ్ళీ కొట్టాను. అతను చెయ్యి అడ్డం పెడితే చేతి మీద కొట్టాను. నీళ్ళూ రక్తమూ కలిసి నా పాదాల మీద పడ్డాయి. జగ్గు పిడి ఊడిపోతే రెండు చేతులతో పట్టుకుని కొట్టాను. అరుస్తున్నది నేనేనని తర్వాత అమ్మ చెప్పింది.

అతను నన్ను గుంజినప్పుడు ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. నేను కొట్టడం మొదలుపెట్టగానే అందరూ లేచారు. నలుగురు మగవాళ్ళు నా చేతులు, నా జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చారు. "ఆడదానివా, దయ్యానివా" అని అతని అన్న నా చెంప పగలగొట్టాడు.

అప్పుడు మా అమ్మ లేచింది. ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. బడిలో కూడా చెయ్యెత్తేది కాదు. నా చెయ్యి పట్టుకున్న పెద్దాయన వేళ్ళను ఒక్కొక్కటే వెనక్కి విరిచి ఊడదీసింది. ఆయన కేక పెట్టాడు.

"నా బిడ్డను వదులు. గొంతు పిసికినప్పుడు యాడ పోయినారప్పా మీరంతా? ఇప్పుడు చేతులు వచ్చినాయే మీకు!"

అమ్మ కింద పడిన స్కార్ఫ్ తీసి, రక్తం అంటిన నా చేతులు దాంతోనే తుడిచి, నన్ను నేరుగా జమ్మలమడుగు పోలీసు స్టేషనుకు నడిపించింది. దారంతా మమ్మల్ని జనం చూశారు. మెడ మీద గీత ఆ వేళ ఎవరికీ కనపడలేదనుకుంటా, అందరూ నా చీర అంచున ఉన్న రక్తాన్నే చూశారు.

అతనూ నా మీద కేసు పెట్టాడు, ముక్కు విరగ్గొట్టానని. రెండు కేసులూ నడిచాయి. పులివెందుల కోర్టుకు వాయిదాలకు తిరిగినంత కాలం నేను కుట్టు మానలేదు. జాకెట్లు నేర్చుకున్నాను, చేతులు అతికించడం నేర్చుకున్నాను. కానీ నాకు నేనంటేనే కొత్త భయం పుట్టింది. పాలవాడు గట్టిగా తలుపు కొట్టినా చెయ్యి ఏదైనా బరువైన వస్తువు కోసం వెతికేది. కలలో జగ్గు పట్టుకుని ఉండేదాన్ని. మెలకువ వచ్చాక బాధపడాల్సింది పోయి, ఇంకో రెండు దెబ్బలు మిగిలిపోయాయే అనిపించేది. ఆపాకు చెప్పాను.

"నాకూ అట్లనే ఉండేది" అంది ఆమె గుండీలు కుడుతూ. ఎప్పుడని, ఎవరి మీదని చెప్పలేదు. "తగ్గుతాది. మొత్తం పోదు గాని తగ్గుతాది."

మా వైపు చెప్పడానికి సాక్షులు లేరు. జమ్మలమడుగు గదిలో ఉన్న పెద్దలందరూ తాము చూడలేదని, గోల విన్నామని అన్నారు. పులివెందుల ఇంట్లో జరిగింది చూసిన మనిషి ఒక్కతే. ఆమె తలదాచుకున్నది అతని ఇంట్లో, తింటున్నది అతని బియ్యం. ఆమె వస్తుందని నేను ఆశ పెట్టుకోలేదు.

అవ్వ వచ్చింది. ఉతికిన తెల్లచీర కట్టుకుని, చెప్పులు బోను బయట విడిచి ఎక్కింది. అతని లాయరు ఆమెను తికమక పెట్టాలని చూశాడు. కళ్ళు సరిగ్గా కనపడతాయా అన్నాడు. ఇంటి ఆస్తి మీద తగాదా ఉందా అన్నాడు. చివరికి అసలు ప్రశ్న అడిగాడు.

"సొంత మేనల్లుడు గదా. అరిచి ఆపొచ్చు గదా. కాలే గంజి ఎందుకు పోసినావు?"

"చల్లది ల్యాకపాయె నాయనా ఆ పొద్దు" అంది అవ్వ.

కోర్టులో నవ్వారు. జడ్జి కూడా పెదవి బిగబట్టుకున్నాడు. అవ్వ నవ్వలేదు. అతని వైపు తిరిగి, "రేయ్, నిన్ను నేను ఎత్తుకొని పెంచినా. ఆ బిడ్డ కాళ్ళు కొట్టుకుంటాంటే సూసినా. అబద్ధం చెప్పను" అంది. అతను నేల చూశాడు. వంకరగా అతికిన ముక్కుతో అతను అచ్చం వేరే మనిషిలా ఉన్నాడు.

ఆ రోజు సాయంత్రానికే అవ్వ పెట్టె, చాప వీధిలో పడేశారు. పక్కింటివాళ్ళు ఫోను చేస్తే అమ్మా నేనూ పోయి తీసుకొచ్చుకున్నాం. ప్రొద్దుటూరు ఇంట్లో అవ్వకు ఏదీ నచ్చదు. అమ్మ కూరల్లో కారం చాలదంటుంది. నీళ్ళు ఉప్పంటుంది. కుక్కర్ అన్నం అన్నమే కాదంటుంది. అమ్మకూ అవ్వకూ రోజూ పేచీ. ఆదివారం మాత్రం ఇద్దరూ కలిసి గుడికి పోతారు. నేనూ పోతున్నాను. తలకు ముసుగుకు బదులు చెవుల వెనక గుండీలతో ఆగే గుడ్డ ఒకటి కుట్టుకున్నాను. మెడకు తగలదు.

తీర్పులో అతనికి జైలు పడింది. పై కోర్టుకు పోయి బెయిలు మీద బయటికి వచ్చాడు. నా మీది కేసు కొట్టేశారు. విడాకులు వచ్చాయి.

మొన్న అవ్వ పింఛను పని మీద పులివెందుల పోయాం. తిరుగు ప్రయాణానికి బస్టాండులో నిలబడి ఉంటే, టీకొట్టు దగ్గర అతను కనిపించాడు. అతనూ మమ్మల్ని చూశాడు. గ్లాసు పెదవి దాకా పోయి ఆగింది. నాకు మునుపటిలా చేతులు చల్లబడలేదు. భయం వేయలేదని చెప్పను. వేసింది, కానీ దాని పక్కనే కోపం కూడా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. రెంటిలో ఏది ముందు లేస్తుందో నాకే తెలియలేదు. అతను ఒక అడుగు ఇటు వేశాడు. నేను చేతిసంచి పట్టు బిగించాను.

అతను ఆగిపోయాడు. డబ్బులిచ్చి, తాగకుండానే గ్లాసు అక్కడ పెట్టి, అరటి లారీల వైపు వెళ్ళిపోయాడు. అతని చొక్కా కాలరు పైన, మెడ వెనక, కాలిన మచ్చ తెల్లగా మెరిసింది.

అవ్వ మేనల్లుడు పోయిన వైపే చాలాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను. కాసేపటికి చీర చెరగుతో ముక్కు చీదుకుంది.

"బస్సు వచ్చెనా మ్మే?"

"వచ్చింది అవ్వా."

"అయితే ఎక్కు. కిటికీ పక్క నాకు."